చెవి దగ్గరి గీత

గురువారం సాయంత్రం నాలుగు గంటలకల్లా కవరు కొరియర్ ఆఫీసులో పడకపోతే ఆ వారం పత్రికలో ఇరమ్ బొమ్మ ఉండదు. అందుకే గురువారాలు ఆమె పనిచేసుకునే ముందు గది వైపు ఇంట్లోవాళ్ళు రారు. తల్లి షహజాది పాలు పోయించుకోవడానికి కూడా వెనక తలుపే తీస్తుంది. తండ్రి మహబూబ్ అలీ మాత్రం గడప అవతల కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చేవాళ్ళను వచ్చినట్టే తిప్పి పంపుతుంటాడు.

ఆ రోజూ అలాగే కూర్చున్నాడు. ఫిబ్రవరి నెల. ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు దిగుతున్న కాలం. గాలి అటు నుంచి తిరిగిందంటే వీధి వీధంతా తుమ్ములే. ఇరమ్ ముక్కుకు దస్తీ కట్టుకుని ఎడ్లబండి చక్రానికి కర్ర ఆకులు గీస్తోంది. బొమ్మ వేయాల్సిన కథ మూడు రోజుల కిందటే పత్రిక నుంచి వచ్చింది కానీ చివరి పేజీ జిరాక్సులో పడలేదు. బండి తోలేవాడు చివరికి బతుకుతాడో లేదో ఆమెకు తెలియదు. అలాంటి కవర్లు అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. తెలియనప్పుడు మనిషిని వీపు వైపు నుంచి గీయడం పదేళ్ళలో ఆమె నేర్చుకున్న ఉపాయం.

"బొమ్మలేసే ఇరమ్ ఇల్లు గిదేనా?" అని బయట ఆడగొంతు వినిపించింది.

"అవ్, గిదే. బోర్డు రాయించాల్నా?" అన్నాడు మహబూబ్ అలీ ఆశగా. ఒకప్పుడు ఊళ్ళో సగం దుకాణాల మీద పేర్లు ఆయన రాసినవే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ మాట ఆయన అడగడమే తప్ప, రాయమని ఆయన్ని అడిగినవాళ్ళు లేరు.

"బోర్డు గాదు. మనిషి కోసం వచ్చిన," అంటూ ఆమె ఆయన్ని దాటుకుని లోపలికి వచ్చేసింది.

నలభై దాటిన మనిషి. నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్లు. చేతిలో బట్టల దుకాణం సంచి. ఇరమ్‌ను చూసి కాస్త తడబడింది. "ఇరమంటే మొగాయన అనుకున్న," అంది. తర్వాత నేల మీద కూర్చుని, సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి, అరచేత్తో సాపు చేసింది. గదంతా ఎండుచేపల వాసన కొట్టింది.

అది పత్రిక పేజీ. అందులో ఉన్నది ఇరమ్ గీసిన బొమ్మే. రైల్వే గేటు వెనక నిలబడ్డ ఆడమనిషి తల ఒక పక్కకు వాల్చి, దూరంగా ఎటో చూస్తోంది. కింద మూలన 'ఇరమ్, ఖమ్మం' అని సంతకం.

"ఇది మా చెల్లె," అంది ఆమె. "వనజ. పోయి నాలుగేళ్ళాయె. నువ్వు యాడ జూసినవ్ బిడ్డా?"

ఇరమ్ చేతిలోని నిబ్బు నుంచి సిరా బొట్టు జారి చక్రం పక్కన పడింది.

ఆమె పేరు జంపక్క. ములకలపల్లి దాటి అడవిలోకి ఇంకా ఆరు కిలోమీటర్లు పోవాలి వాళ్ళ ఊరికి. సంతలో ఎండుచేపలు కొని ఇంటికి తెచ్చి పొట్లం విప్పితే, కాగితంలో చెల్లెలు కనబడిందట. ఊరి బడి సారు పత్రికవాళ్ళకు ఫోన్ చేసి అడ్రసు కనుక్కున్నాడట. నాలుగేళ్ళ కిందట ఇదే మిర్చి కాలంలో, వనజ పదిమంది ఆడవాళ్ళతో కలిసి మధిర వైపు కాయ ఏరడానికి పోయింది. పోయినవాళ్ళందరూ తిరిగొచ్చారు, వనజ రాలేదు. బస్సు ఆగితే నీళ్ళు తాగుతానని దిగిందని ఒకామె చెప్పింది. అసలు ఆ బస్సే ఎక్కలేదని ఇంకొకామె చెప్పింది. పోలీసులు కాగితం రాసుకుని ఫోటో అడిగారు. వనజ ఫోటో ఇంట్లో ఒక్కటి కూడా లేదు.

"అక్కా, ఇది కథకు ఏసిన బొమ్మ," అంది ఇరమ్. "ఎవర్నో చూసి గీసింది గాదు. ఊహించి గీసిన."

"ఊహించి?" జంపక్క ఆ మాటను నోట్లో ఒకసారి తిప్పుకుంది. "అంటే?"

"అంటే... మనసుల అనుకొని."

"మనసుల అనుకుంటే మా చెల్లె ఎట్లొచ్చింది? చెవి జూడు. ఎడమ చెవి తమ్మె చీలి లేదూ? మా పిల్లగాడు పసోడప్పుడు కమ్మ పట్టి గుంజితే తెగింది. గది గూడ ఊహించినవా?"

ఇరమ్ కాగితం మీదికి వంగింది. నిజమే. చెవి తమ్మె దగ్గర సన్నటి చీలిక ఉంది. దాన్ని గీసినట్టు ఆమెకు గుర్తు లేదు. ఆ మాటకొస్తే ఆ మొహాన్ని గీసినట్టే గుర్తు లేదు. ఆ కథ వచ్చి ఆరేడు నెలలయింది. రచయిత గేటు గురించి, గూడ్సు బండి గురించి, గేట్‌మన్ కుక్క గురించి పేజీలకు పేజీలు రాశాడు కానీ ఆమె ఎలా ఉంటుందో ఒక్క ముక్క రాయలేదు. ఒక మధ్యాహ్నం కూర్చుంది, బొమ్మ పూర్తయింది, కవరు వెళ్ళిపోయింది. ఆ మొహం ఎక్కడి నుంచి వచ్చిందని అప్పుడు ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడుక్కోలేదు.

లేచి హైదరాబాదుకు ఫోన్ చేసింది. పత్రికలో ఆర్ట్ ఎడిటర్ నిర్మలాదేవి. అసలు బొమ్మలన్నీ ఆమె బీరువాలోనే ఉంటాయి.

"గురువారం పూట చెవేమిటమ్మా?" అని విసుక్కుంది నిర్మలాదేవి. "ముందు బండి బొమ్మ పంపించావా?" అయినా వెతికింది. పది నిమిషాల తర్వాత ఆమే ఫోన్ చేసింది. "దొరికింది. అది గీత కాదు ఇరమ్. అక్కడ నీ నిబ్బు జారింది. కనబడకుండా తెల్ల రంగు పూశావు. ఆ రంగు అంచు అచ్చులో చీలికలాగా పడింది, అంతే. ఏం, ఎవరైనా ఉత్తరం రాశారా?"

"లేదు మేడమ్. ఊరికే."

ఫోన్ పెట్టేసరికి జంపక్క ఆమె మొహంలోకే చూస్తోంది. "ఏమన్నది?"

"బొమ్మ... అక్కడ భద్రంగనే ఉన్నదంట," అంది ఇరమ్.

చెవి సంగతి ఎందుకు చెప్పలేదో ఆమెకే అర్థం కాలేదు. చెబితే ఆ మనిషి కాగితం మడిచి లేచి వెళ్ళిపోతుందనిపించింది. వెళ్ళిపోతే బాగుండుననీ అనిపించింది, వెళ్ళకూడదనీ అనిపించింది.

"మొహం యాడికెల్లి వచ్చిందో నీకు నిజంగనే తెల్వదా బేటీ?" అన్నాడు గడప దగ్గర్నుంచి మహబూబ్ అలీ. "నేను బోర్డుల మీద ఏసిన ప్రతి మొహం నాకు యాదికుంది. టైలర్ దుకాణం మీద కోటేసుకున్నాయన మీ మేనమామే."

"నాకు యాదికి లేదు అబ్బా."

ఇరమ్‌కు బస్సుల్లో, బస్టాండుల్లో మనుషులను గబగబా గీసుకునే అలవాటుంది. అలాంటి నోటుపుస్తకాలు రేకుపెట్టె నిండా ఉన్నాయి. బండి బొమ్మను ఎలాగో ముగించి తండ్రి చేతికిచ్చి కొరియర్‌కు పంపించి, పెట్టె తెరిచింది. ఇద్దరూ నేల మీద కూర్చుని ఒక్కో పేజీ తిప్పారు. షహజాది రొట్టెలు తెచ్చి పెట్టింది. జంపక్క తింటూనే పేజీలు తిప్పింది. ఏడో పుస్తకంలో చెయ్యి ఆపింది.

'అశ్వారావుపేట బస్టాండు' అని రాసి ఉంది మూలన. పిన్ని కూతురి పెళ్ళికి పోయినప్పటిది. పక్కన మొక్కల సంచి పెట్టుకుని నిలబడ్డ ఆడమనిషి. అదే భుజం, అదే తల వాలు. మొహం మాత్రం నాలుగైదు గీతలే. చెవి కొంగు కింద ఉంది.

"ఇదేనా బిడ్డా?"

ఇరమ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. ఔననుకుంటే ఔను, కాదనుకుంటే కాదు.

"కావచ్చక్కా," అంది.

ఆ ఒక్క మాటకు జంపక్క ఆ రాత్రి అక్కడే పడుకుంది, మరునాడు పొద్దున్నే ఇద్దరూ సత్తుపల్లి మీదుగా పోయే అశ్వారావుపేట బస్సులో ఉన్నారు.

వైరా దాటాక జంపక్క కిటికీలోంచి చూస్తూనే చెప్పింది. "చిన్న ముచ్చటకు పంచాది. బియ్యంల రాళ్ళు ఏరమంటే ఏరలే. నాకు కోపమొచ్చింది. నీ మొహం నాకు జూపియ్యకు పో అన్న. అందరు అంటరు గదా గట్ల? రోజు అనుకునేటోళ్ళమే. తెల్లారి కాయకు పోయింది."

ఇరమ్‌కు చెవి మాట నోటిదాకా వచ్చింది. అంతలో బస్సు టిఫిన్‌కు ఆగింది, జంపక్క మొహం కడుక్కోవడానికి దిగింది, మాట లోపలికి పోయింది.

అశ్వారావుపేటలో దిగి పామాయిల్ ఫ్యాక్టరీ వైపు నడిచారు. గెలల లోడుతో ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉన్నాయి. జంపక్క మొదటి ట్రాక్టర్ డ్రైవర్ ముందు పేజీ పరిచింది.

"అచ్చం మా వదిన లాగుందండి," అన్నాడతను. "కానీ మా వదిన దమ్మపేటలోనే ఉందండి, ఎక్కడికీ పోలా."

కాటా దగ్గర గుమస్తా కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, ఈమె రోజూ టీవీలో వస్తుందన్నాడు. ఏ సీరియలో చెప్పలేకపోయాడు. ఒక కూలి మనిషి, ఇది తన చిన్నప్పుడు చనిపోయిన అక్క అని కళ్ళు తుడుచుకుంది. జంపక్క ఆ మనిషి చేతిలోంచి కాగితం మెల్లగా తీసుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ బొమ్మను చూసి, ఇరమ్‌ను చూసి, మళ్ళీ బొమ్మను చూశాడు.

"ఇది మీరే గదా మేడం?"

ఇరమ్ నవ్వబోయింది. కానీ జంపక్క కూడా తిరిగి తన మొహంలోకి పట్టి పట్టి చూడటం గమనించి నవ్వు ఆపేసుకుంది. "నీ బొమ్మల్లో ఆడవాళ్ళందరికీ ఒకటే ముక్కు, ఎవరిదమ్మా ఆ ముక్కు?" అని నిర్మలాదేవి ఎన్నోసార్లు ఆటపట్టించింది. అప్పుడు అది ఆటగానే ఉండేది. ఇప్పుడు ట్రాక్టర్ అద్దంలోకి వంగి తన ముక్కు చూసుకుంది. దుమ్ము పట్టిన అద్దం. ముక్కు ముక్కులాగే ఉంది. అది బొమ్మలోదో కాదో చెప్పడం ఆమె వల్ల కాలేదు.

చివరికి టీ బండి దగ్గరి ముసలామె ఆనవాలు పట్టింది. పత్రిక పేజీని పక్కన పెట్టేసి నోటుపుస్తకంలోని గీతలను చూసింది. "ఈ నిలబడే తీరు మన సైదమ్మదమ్మా. మెడ నొప్పి దానికి. ఎప్పుడూ ఇట్టాగే తల వాల్చి నిలబడుద్ది. పామాయిల్ నర్సరీలో ఉంటది, పోండి."

ఇరమ్ నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. రైల్వే గేటు బొమ్మ అచ్చయినప్పుడు పాఠకులు రాసిన ఉత్తరాలు గుర్తొచ్చాయి. ఎదురుచూపంతా ఆ తల వాలులోనే ఉందని రాశారు. తనూ ఔనేమో అనుకుంది. మెడ నొప్పి.

నర్సరీలో షేడ్ నెట్ కింద సైదమ్మ నల్ల కవర్లలో మట్టి నింపుతోంది. ముప్పై ఐదేళ్ళ మనిషి, గట్టి చేతులు, తల ఎడమ వైపుకు వాలి ఉంది. ఇరమ్‌ను చూడగానే కళ్ళు చిట్లించింది.

"మీరే గదండీ ఆ రోజు బస్టాండులో నన్నే చూసుకుంటా ఏదో రాసుకున్నారు? నేనేదో తప్పు చేశానని నా పేరు రాసుకుంటున్నారనుకుని వచ్చిన బస్సు కూడా ఎక్కలా."

జంపక్క ఆమె ముందు నిలబడి చూసింది. చాలాసేపు చూసింది. చెయ్యి చాచి సైదమ్మ ఎడమ చెవి మీద జుట్టు తప్పించి కూడా చూసింది. సైదమ్మ కదలకుండా నిలబడింది.

"కాదు," అంది జంపక్క.

ఆ మాటలో ఏడుపు లేదు.  సైదమ్మకు సంగతి ఏమిటో చెప్పారు. ఆమె మట్టి చేతులు కొంగుకు తుడుచుకుని పేజీ అందుకుంది. చూస్తూ చూస్తూ మొహం వెలిగిపోయింది.

"ఓరి నాయనో, నేనేనా! ఎంత బాగున్నానో! మేడం, ఇది నాకియ్యండి. గోడకు అంటించుకుంటా."

జంపక్క గబుక్కున పేజీ లాక్కుంది. "ఇయ్య. ఇది మా చెల్లె."

"నన్ను చూసి గీసిన బొమ్మ మీ చెల్లెట్టా అయిద్ది?"

"మొహం జూడు. నీ మొహమా ఇది?"

సైదమ్మ మళ్ళీ వంగి చూసింది. తన బుగ్గ ఒకసారి తడుముకుంది. "మెడ మాత్రం నాదే," అంది పట్టు వదలకుండా. "మొహం ఎవరిదో గీసిన మేడమే చెప్పాల."

ఇద్దరూ ఇరమ్ వైపు తిరిగారు. నీళ్ళ పైపు పట్టుకున్న పనివాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు. ఇరమ్ నోరు తెరిచింది. మెడ సైదమ్మది. ముక్కు తనదే కావచ్చు. చెవి నిబ్బు జారడం. మిగిలింది ఎవరిది? పదేళ్ళుగా వారానికో బొమ్మ వేసింది. ఎన్ని వందల మంది ఆడవాళ్ళు? వాళ్ళందరినీ ఎక్కడెక్కడి నుంచి, ఎవరెవరి దగ్గర్నుంచి అడగకుండా తెచ్చుకుంది?

"నాకు తెల్వదక్కా. ఒట్టు, నిజంగనే తెల్వదు," అంది. తర్వాత ఆగలేకపోయింది. "చెవి సంగతి మాత్రం తెలుసు. అది నా నిబ్బు జారి పడ్డది. నిన్న ఫోన్ల ఆ మేడమ్ చెప్పింది. నేనే నీకు చెప్పలే."

జంపక్క పేజీని మడత మీద మడత పెట్టింది.

"నిన్ననే తెలిస్తే బస్సెందుకు ఎక్కించినవ్?"

"ఆమె ఎవరో నాక్గూడ తెలుసుకోవాలనిపించింది."

"నీకెందుకు? నీ మనిషి పోలే గదా."

ఇరమ్ తల దించుకుంది.  జంపక్కే మళ్ళీ అంది, ఈసారి కోపంగా కాదు, లెక్క తేలనట్టు. "నీ చెయ్యి జారింది. మా చెల్లె చెవి తెగింది. రెండూ ఒక్క తావునే ఎందుకు బడ్డయ్ మరి?"



సైదమ్మ ఇద్దరినీ నీడలోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చి, తన సద్ది మూత తీసి ముగ్గురికీ పంచింది. పచ్చిపులుసు అన్నం, వేయించిన ఎండుమిరపకాయలు. తిన్నాక ఇరమ్ పుస్తకం తీసి సైదమ్మను ఎదురుగా కూర్చోబెట్టి గీసింది. "మెడ నిటారుగా పెట్టండి మేడం," అని బతిమాలింది సైదమ్మ. "ఎట్టాగూ కాగితమే గదా, అక్కడన్నా తిన్నగా ఉండనీయండి." ఇరమ్ తిన్నగానే పెట్టింది. సైదమ్మ ఆ కాగితాన్ని మట్టి అంటకుండా రెండు కవర్ల మధ్య దాచుకుంది.

అదంతా చూస్తూ కూర్చున్న జంపక్క, "ఇప్పుడు మా చెల్లెను గియ్యి. నేను చెప్త," అంది.

ఇరమ్ కొత్త పేజీ తిప్పింది. "మొహం కోలగుంటదా, గుండ్రంగుంటదా?"

జంపక్క సంచిలోంచి పత్రిక పేజీ తీసి చూసి, "కోల," అంది.

"కండ్లు?"

మళ్ళీ పేజీ చూసింది. ఇరమ్ మెల్లగా ఆ పేజీని తీసుకుని తన పుస్తకం కింద పెట్టుకుంది. "ఇది జూడకుండ చెప్పక్కా."

జంపక్క కళ్ళు మూసుకుంది. కనుబొమల మధ్య ముడి పడింది. చాలాసేపు అలాగే ఉండి, కళ్ళు తెరిచి భయంగా చూసింది. "ఇదే వస్తంది. నీ బొమ్మనే వస్తంది బిడ్డా. దీనికి ముందు ఎట్లుండెనో... నాలుగేళ్ళు కండ్లల్ల పెట్టుకున్న. ఇప్పుడు దొరకత లేదు."

ఇరమ్ చేతిలోని పెన్సిల్ కింద పెట్టేసింది. తన బొమ్మ ఒక మనిషి మొహాన్ని తుడిచేసి దాని మీద కూర్చుందని ఆమెకు అప్పుడు తెలిసింది.  క్షమించమంటే దేన్ని క్షమించాలో జంపక్కకైనా అర్థమవుతుందా?

సైదమ్మే మాట కలిపింది. "మొహం ఎట్టాపోనీ, మీ చెల్లి నవ్వితే ఎట్టా నవ్వుద్ది?"

"నవ్వనే నవ్వది. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటది. పన్ను మీద పన్ను ఉంటది, సిగ్గు."

"ఏ చెయ్యి?"

"ఎడమ చెయ్యి. గిట్ల." జంపక్క తన చేతిని నోటికి అడ్డం పెట్టి చూపించింది. "నా లెక్క గాదు, దాని చెయ్యి పొట్టిది. వేళ్ళు మొద్దు. చిటికెన వేలు బయటికి వంగి ఉంటది."

ఇరమ్ పెన్సిల్ అందుకుని చెయ్యి గీసింది. జంపక్క వంగి చూసి కాదంది. వేళ్ళు ఇంకా పొట్టి. ఇంకొకటి గీసింది. మణికట్టు అంత సన్నం కాదు. మూడోదానికి గోళ్ళు నచ్చలేదు. రైల్వే గేటు బొమ్మలో ఆ ఆడమనిషి చేతులు కనబడవు. అందుకేనేమో, జంపక్క ఒక్కో తప్పు తడుముకోకుండా పట్టుకుంటోంది. ఐదోసారి ఏమీ అనలేదు. కాగితాన్ని ఒళ్ళోకి తీసుకుని, గీసిన ఆ చేతి మీద తన చెయ్యి ఆనించింది.

"చెయ్యి మా చెల్లెదే," అంది.

చెయ్యి వెనక మొహం గీయమని అడగలేదు. ఇరమ్ కూడా గీస్తాననలేదు. మూడు గంటల బస్సుకు జంపక్క ములకలపల్లి వైపు వెళ్ళిపోయింది. పత్రిక పేజీ, చేతి బొమ్మ, రెండూ తీసుకుపోయింది. ఎక్కేముందు వెనక్కి తిరిగి, "వారం వారం ఏస్తవా గిట్ల?" అని అడిగింది. ఔనంటే, తల ఊపి ఎక్కింది.

ఆ తర్వాత నెల రోజులు ఇరమ్ చేతికి మొహాలు రాలేదు. నిబ్బు కళ్ళ దగ్గరికి రాగానే ఇవి ఎవరివి అనే ప్రశ్న వచ్చేది, గీత ఆగిపోయేది. మనుషులు వెనక్కి తిరిగారు, గొడుగుల కింద దాక్కున్నారు, తలుపు సందుల్లో నిలబడ్డారు. "ఈ నెలలో ఇది మూడో వీపు ఇరమ్," అంది నిర్మలాదేవి. "కథ ప్రేమకథ. అమ్మాయి మొహం లేకపోతే అబ్బాయి దేన్ని చూస్తాడు?" ఇరమ్ జరిగిందంతా చెప్పింది. నిర్మలాదేవి ఓపిగ్గా విని, "మరి ఏం చేద్దామంటావు?" అంది. అదే తెలియడం లేదంది ఇరమ్.

చేసింది ఒకటే. ఒక లావుపాటి నోటుపుస్తకం కొని, పంపిన ప్రతి బొమ్మకూ ఒక పేజీ కేటాయించింది. ఏది ఎక్కడ చూసిందో రాసుకోవడం మొదలుపెట్టింది. ఈ నడుము ఫలానా బస్సులో, ఈ కొప్పు ఫలానా కూరగాయల దుకాణంలో. రాస్తుంటే కొన్ని మొహాలు తిరిగి రావడానికి ఒప్పుకున్నాయి. అవి కూడా ఎవరి మొహాలో సగం సగమే తేలేది. మహబూబ్ అలీ ఆ పుస్తకం తిరగేసి, "గిదేందో పంచనామా లెక్కుంది," అని నవ్వాడు. తర్వాత, టైలర్ బోర్డు మీద కోటు మాత్రం మేనమామది కాదనీ, అడిగి తెచ్చిందనీ తనంతట తనే చెప్పాడు.

వానాకాలం వచ్చింది. వనజ రాలేదు. పోలీస్ స్టేషన్లో చేతి బొమ్మ చూపిస్తే, చేతిని పట్టి మనిషిని ఎట్లా వెతకాలమ్మా అని అడిగారట. అడిగింది న్యాయమే అంది జంపక్క. కూలీలను పనులకు తీసుకుపోయే ఒక మేస్త్రీ మాత్రం, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే మనిషిని రెండేళ్ళ కిందట కృష్ణా జిల్లా వైపు ఒక ఇటుక బట్టీలో చూసినట్టుంది అన్నాడు. బడి సారు అక్కడికి ఉత్తరం రాశాడు. జవాబు రావాల్సి ఉంది. వస్తుందో రాదో, వస్తే అది వనజో ఇంకెవరో, ఎవరికీ తెలియదు.

ఈ కబుర్లన్నీ జంపక్కే ఫోన్లో చెబుతుంది. పత్రిక వచ్చిన మర్నాడు బడి సారు సెల్‌ఫోన్ నుంచి చేస్తుంది. సారు కథ చదివి వినిపిస్తాడట. కథ సంగతి ఆమె ఎత్తదు. బొమ్మలో ఉన్నవాళ్ళ గురించి మాత్రం ఒక్కొక్కరినీ అడుగుతుంది.

"ఈ వారం టికెట్లు కొట్టే పిల్ల ఎవరు బిడ్డా?" అని అడిగింది ఒక రోజు.

ఇరమ్ పుస్తకం తీసింది. "నిలబడ్డ తీరు కొత్తగూడెం బస్సుల చూసిన కండక్టరమ్మది. సంచి మా అమ్మది. గాజులు ఎదురింటి వాళ్ళ కోడలివి."

"మొహం?"

ఆ వరుస ఖాళీగా ఉంది. రెండు రోజులు ఆలోచించినా అక్కడ రాయడానికి ఏమీ దొరకలేదు. "తెల్వదక్కా."

"ఊరు గూడ తెల్వదా?"

"తెల్వదు."

అవతల బడి పిల్లల గోల వినిపిస్తోంది, వాన చప్పుడు కూడా.

"అయితే తెల్వదని రాసుకో," అంది జంపక్క. "ఖాళీగ ఉంచకు. రేపెవలన్న వెతుక్కుంట వస్తే, మనం అడిగి జూసినమని అన్నా వాళ్ళకు తెల్వాలె గదా."

ఇరమ్ పెన్ను మూత తీసింది. ఆమె రాసేదాకా జంపక్క ఫోన్ పెట్టేయకుండా ఆగింది.